తీయొద్దన్న బిళ్ళ బ్యాటరీ

బుధవారం, డిపో నుంచి వచ్చాక

సొరంగం దగ్గరున్న మా ఆవిడకి,

ఇక్కడ నేను, మీ అమ్మగారు క్షేమం. నువ్వూ క్షేమమని రాశావు. అది నువ్వు రాసిన రోజు మాట. అక్కడ ఫోను అందదు, సామాన్ల లారీ వారానికొక్కసారే కొండ దిగుతుంది కాబట్టి, నా చేతికొచ్చేసరికి ఆ క్షేమానికి ఆరు రోజులు నిండాయి. ఇవాళ్టికీ అలాగే ఉన్నావనే అనుకుంటున్నాను. దగ్గు తగ్గిందో లేదో మాత్రం రాయలేదు. రాయలేదంటే తగ్గలేదని నా లెక్క.

నీ ఉత్తరంలో అయిదు ప్రశ్నలున్నాయి. అన్నిటికీ జవాబు చెబుతాను. అన్నిటికంటే పైన నువ్వడిగింది పాత మడత కంప్యూటరు సంగతి. దాన్ని కావాలనే వెనక్కి నెడుతున్నాను. ముందే చెప్పేస్తే మిగతావి చదవవు. నువ్వు ఉత్తరాన్ని అడుగు నుంచి పైకి చదివే మనిషివని నాకు తెలుసు. ఈ ఒక్కసారికి పై నుంచి కిందికి చదువు.

మీ అమ్మగారి మోకాలు: తగ్గిపోయిందని ఆవిడ అంటున్నారు. కానీ మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నారు, నేను కనబడగానే చెయ్యి తీసేస్తున్నారు. ఈ విద్య మీ ఇంట్లో తల్లి నుంచి కూతురికి వస్తుందేమోనని పోయిన వారం నవ్వుకున్నాను. ఇప్పుడు ఆ నవ్వు రావడం లేదు. బాత్రూమ్ కుళాయి: ప్లంబరు వచ్చి వాషరు మార్చాడు. పాత వాషరు చూపించమంటే పారేశానన్నాడు. చెత్తబుట్టలో వెతికి చూశాను. నిజంగానే అరిగిపోయింది. మనిషి మంచివాడే. భోజనం: వేళకే తింటున్నాను. అత్తయ్యగారు వండుతున్నారు, గిన్నెలు నేను కడుగుతున్నాను. నేను కడిగినవన్నీ ఆవిడ మళ్ళీ కడుగుతున్నారు. ఎందుకని అడిగితే, ఊరికేనట.

అయిదో ప్రశ్న: పోయిన ఉత్తరం ముక్తసరిగా రాశారు, మనసులో ఏమైనా పెట్టుకున్నారా అని అడిగావు. పెట్టుకున్నాను. దానికీ చివర్లోనే వస్తాను.

ఇక కంప్యూటరు. మా డిపో స్టోర్సులో ఎవరైనా ఫలానా సామాను కావాలని చీటీ ఇస్తే, దాన్ని వాళ్ళకే తిరిగి చదివి వినిపించడం పద్ధతి. తర్వాత నేనలా అడగలేదు, నువ్వు తప్పు విన్నావు అనే గొడవ ఉండదు. కాబట్టి నువ్వు రాసింది తిరిగి చెబుతున్నాను, చూసుకో. పన్నెండేళ్ళ కిందట ఇదే నీళ్ళ సొరంగంలో నువ్వు ఏడాదిన్నర పాటు ప్రతిరోజూ అయిదు బీటలు కొలిచావు. ఇప్పుడు మళ్ళీ అక్కడే కొలతల పని మీద వెళ్ళి చూస్తే, మూడో బీట బాగా వెడల్పయింది. కాంట్రాక్టరు మాత్రం అది మొదట్నుంచీ అంతే ఉందంటున్నాడు. ఆ కాలం రిజిస్టర్లు ఆఫీసు గదిలో చెమ్మకి ముద్దయిపోయాయి. నీకు గుర్తున్న అంకెలు చెబితే, అవి నువ్వు తోచినట్టు కల్పించినవని మీ ఇంజనీరు నలుగురిలో అన్నాడు. ఇరవయ్యో తేదీన విచారణ. నీ మాట నెగ్గితే ఆ బీట కింద పని ఆపి, ఇనుప ఆనింపులు పెడతారు. నెగ్గకపోతే నలభైమంది కూలీలు దాని కిందే పనికి దిగుతారు, నువ్వు అబద్ధాలకోరువని కాగితం మీద ఎక్కుతుంది. ఆ అంకెలు ఇంకెక్కడా లేవు, ఇంట్లో అలమరలో ఉన్న నీ మడత కంప్యూటరులోనే ఉన్నాయి. వాటిని ఫోనులోకి ఎక్కించి, అచ్చు తీసి పంపమన్నావు. ఇంతవరకు సరే కదా.

ఒప్పుకోవాల్సిందేదో ఇక్కడే ఒప్పుకుంటాను. నీ ఉత్తరం చదవగానే నాకు తట్టింది కూలీల సంగతి కాదు. ఆ కంప్యూటరు నువ్వు వాడి ఎన్నేళ్ళయింది? అయినా సెలవుకి వచ్చినప్పుడల్లా దానికి కొత్త బ్యాటరీలు వేసేదానివి. వాడని మిషనుకి బ్యాటరీలెందుకని రెండుసార్లు అడిగాను. లోపలి గడియారం ఆగిపోకుండా అన్నావు. గోడకున్న గడియారం ఆగి నెలరోజులైనా పట్టించుకోని మనిషివి నువ్వు. అప్పటినుంచీ ఆ మిషనంటే నాకు అనుమానమే.

దాన్ని తీసుకుని, అత్తయ్యగారి చెవి మిషను బాగుచేసే మెకానిక్కమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ కొట్టు నీకు తెలుసు కదా, తాళాలు చేసేవాడికీ స్టేషనరీ షాపుకీ మధ్య ఇరుకు గది. నుదుటి మీద భూతద్దం, బల్ల నిండా చిన్న చిన్న సొరుగులు, ఒక పక్కన మూతలు విప్పిన ఫోన్లు ఏడు. ఇవన్నీ ఎవరివని అడిగాను. తెచ్చినవాళ్ళవి అంది. జవాబు సబబుగానే ఉంది, కానీ అలా చప్పున జవాబిచ్చేవాళ్ళతో నేను జాగ్రత్తగా ఉంటాను.

మూత తెరిచి మీట నొక్కింది. బూడిదరంగు తెర మీద ఫైళ్ళ పేర్లు వచ్చాయి. నెలకొకటి, సొరంగం అని ఇంగ్లీషు అక్షరాల్లో, పక్కన అంకె. పద్దెనిమిది. పంతొమ్మిదోది మాత్రం వేరే. ఇంగ్లీషు అక్షరాల్లోనే 'చెప్పినవి' అని ఉంది. ఎవరికి చెప్పినవి? ఏం చెప్పినవి? తెరని నా వైపు తిప్పుకున్నాను. మెకానిక్కమ్మ చూసింది.

ఆ కంప్యూటరు పుట్టినప్పుడు ఇప్పటి ఫోన్లు లేవు, ఈ ఫోను పుట్టేసరికి అలాంటి కంప్యూటర్లు లేవు. రెండిటి సాకెట్లూ ఒకదాన్నొకటి ఎన్నడూ చూసినవి కావు. ఆవిడ సొరుగులోంచి పాత కేబులొకటి తీసి, దాని చివర ఒక కన్వర్టరు, దాని చివర ఇంకో చిన్న ముక్క తగిలించి నా ఫోనుకి గుచ్చింది. వెంటనే ఫోను అడిగింది, ఈ పరికరానికి అనుమతి ఇవ్వాలా అని. వద్దు అని నొక్కాను. మళ్ళీ గుచ్చింది, మళ్ళీ అడిగింది, మళ్ళీ వద్దన్నాను. మూడోసారి మెకానిక్కమ్మ భూతద్దం పైకి నెట్టి, ఫోను అడుగుతున్నది మిమ్మల్నండీ, నన్ను కాదు అంది. సరే అని నొక్కాను.

ముందు పిచ్చి గుర్తులు, ప్రశ్నార్థకాలు వచ్చి పడ్డాయి. నీ మిషను చెప్పే వేగం ఒకటి, నా ఫోను వినే వేగం ఒకటి అట. రెండిటికీ ఒకే వేగం పెట్టింది. అప్పుడు నీ అంకెలు ఒక వరుస శుభ్రంగా వచ్చాయి. మొదటి బీట, సున్నా పాయింటు నాలుగు మిల్లీమీటర్లు. రెండో వరుస సగంలో ఆగిపోయింది. నా ఫోను సాకెట్టు వదులైందట, చొక్కా జేబులో నూలుపోగులు దాన్నిండా పేరుకున్నాయట. వచ్చినట్టే వచ్చి తెగిపోతోంది.

ఆవిడ తన ఫోనులోకి తీసుకుని తర్వాత నాకు పంపుతానంది. అయిదు నిమిషాల పని అంది. నేను ససేమిరా అన్నాను. విచారణకి పోయే కాగితాలు ఊరూపేరూ తెలియని మనిషి ఫోనులోకి ఎలా పోతాయి? పైగా ఆ పంతొమ్మిదో ఫైలు. నా కళ్ళ ముందు తప్ప ఏదీ ఎక్కించకూడదని, కాపీ చేయకూడదని ఆవిడ చేత మాట తీసుకున్నాను. అయితే సాకెట్టుకి సరిగ్గా పట్టే ముక్క తెప్పించాలి, ఎల్లుండి రండి, కేబులు సరిచూసుకోవడానికి మిషను ఇక్కడ ఉంచండి అంది. మిషను ఉంచాలంటే రశీదు కావాలి. ఆవిడ తెల్లకాగితం మీద రాసిస్తానంది. తెల్లకాగితం ఏం చెల్లుతుంది? డిపోకి వెళ్ళి మా రశీదు పుస్తకం తెచ్చాను. పోను రాను నలభై నిమిషాలు. రెండు ప్రతుల్లో సంతకాలయ్యాయి, మిషను అప్పజెప్పి ఇంటికి వచ్చాను.

ఆ రెండు రోజులూ నాకు అన్నం సయించలేదు. వంకాయలు తరుగుతూ అత్తయ్యగారు నా ముఖం చూసి ఏమైందని అడిగారు. డిపోలో పని అన్నాను. 'చెప్పినవి' అనే మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. మూడు నెలలు పొడిగించారని నువ్వు రాసిన ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. ఎవరు పొడిగించారో రాయలేదు. ఇంకో మాట కూడా రాస్తాను, రాయకూడనిదే. ఇంజనీరు అన్నది నిజమేనేమో, నువ్వు అంకెలు కల్పించావేమో అని కూడా ఒక పూట అనుకున్నాను. నీ శత్రువు అన్న మాటనే నీ మొగుడూ అనుకున్నాడు. తిట్టుకో.

మూడో రోజు వెళ్ళాను. కొత్త ముక్క వచ్చింది, ఫోనుకి బిగుసుకుని పట్టింది. మిషను తెరిచి మీట నొక్కాం. ఫైళ్ళ పేర్లు రాలేదు. ఇవాళ తేదీ ఎంత, టైమెంత అని అడిగింది, అప్పుడే అట్టపెట్టెలోంచి బయటికొచ్చినట్టు. పద్దెనిమిది నెలల నీ కొలతలు లేవు. పంతొమ్మిదోది లేదు. ఏమీ లేదు.

వెంటనే నా నోరు లేచింది. ఏం చేశావు, ఎవరు చేయమన్నారు, కాంట్రాక్టరు మనుషులు ఎవరైనా వచ్చారా అని అరిచాను. పక్క కొట్టులో తాళాలవాడు ఆకురాయి ఆపి తొంగిచూశాడు. మెకానిక్కమ్మ నా చొక్కా జేబు వైపు చూసి, ఆ పొట్లంలో ఎన్ని బ్యాటరీలున్నాయండీ అని అడిగింది.

పైన ఒక మాట రాయకుండా వదిలేశాను. నువ్వు గమనించావో లేదో తెలియదు. గమనించకుండా ఉంటే బాగుండునని ఇక్కడిదాకా రాసుకొచ్చాను, ఇక కుదరదు. మిషను అప్పజెప్పిన రోజు దానికి బ్యాటరీలు లేకుండా అప్పజెప్పాను. మా స్టోర్సు గోడ మీద నేనే రంగుతో రాయించిన నియమం నీకు తెలుసు: మీటరు వేరు, బ్యాటరీ వేరు. ఏ టార్చిలైటైనా, ఏ మీటరైనా బీరువాలో పెట్టేముందు బ్యాటరీలు తీసి, చీటీ కట్టి వేరే పెడతాం. కారితే సామాను పాడవుతుంది, ఉంటే ఎవడో ఒకడు వాడేస్తాడు. అలాగే ఇక్కడా రెండు పెద్ద బ్యాటరీలు తీశాను. నేను లేనప్పుడు ఎవరూ తెరవలేరు కదా అని నా తెలివి. మెకానిక్కమ్మ చూసి, అవి తీస్తే తీయండి గానీ లోపల చిన్న బిళ్ళ బ్యాటరీ ఉంది, దాన్ని మాత్రం తీయకండి, రెండూ లేకపోతే లోపలున్నదంతా పోతుంది అని చెప్పింది. స్పష్టంగా చెప్పింది. చెప్పింది కాబట్టే తీశాను. దీన్ని ఉంచమంటోందంటే, దీనితోనే తెరిచి చూడబోతోందని అనుకున్నాను. ఆవిడ రశీదు మీద సంతకం పెడుతుంటే అటు తిరిగి గోరుతో ఊడబెరికి పొట్లంలో కట్టాను. మళ్ళీ వెళ్ళిన రోజు పెద్దవి రెండూ తిరిగి వేసినా, బిళ్ళ జేబులోని పొట్లంలోనే ఉండిపోయింది.

కాంట్రాక్టరు కాదు, ఇంజనీరు కాదు, చెమ్మ కాదు. నీ అంకెలు చెరిపేసింది నేను.

తేలు కుట్టిన దొంగలా ఆ బల్ల ముందు నిలబడ్డాను. నీకు ఏమని రాయాలి, రాస్తే కొండ మీద నువ్వొక్కదానివే ఏమైపోతావు, ఆ నలభైమంది సంగతేమిటి అని ఒకటే ఆలోచన. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇది నేను ఇంతకుముందు ఎవరికీ చెప్పిన మాట కాదు.

మెకానిక్కమ్మ లేచి, బల్ల మీదున్న తన ఫోను తీసుకుంది.

"మీరు వద్దన్న పని చేశానండీ" అంది. "మీరు రశీదు పుస్తకం కోసం వెళ్ళినప్పుడు అన్నీ నా ఫోనులోకి ఎక్కించుకున్నాను. ఇలాంటి పాత మిషన్లు నా చేతిలో రెండు పోయాయి. మూడోది పోకూడదనిపించింది. కొత్త ముక్క బిగుసుకోగానే మీకు చెప్పి తీసేద్దామనుకున్నాను."

నేను ఆవిడ మీద ఏ నేరం అనుమానించానో ఆ నేరం ఆవిడ నిజంగానే చేసింది. చేయబట్టే నీ అంకెలు బతికాయి. నా అనుమానం నిజమైంది, నేను సిగ్గుతో చచ్చిపోయాను. దండం పెడితే వద్దని వారించింది. చదివారా అని అడిగాను. చూడందే సరిగ్గా వచ్చాయో లేదో తెలియదు కదా, అంకెలు చూశాను, మాటలున్న ఫైలు రెండు వరుసలు చదివి ఆపేశాను అంది. తన ఫోనులోంచి నా ఫోనుకి పంపింది. దానికి కేబులు కూడా అక్కర్లేకపోయింది.

అప్పుడు ఆ ఫైలు తెరిచాను. నువ్వు నన్ను తెరవమనలేదు. తెరిచాను. ఆ మిషనులో తెలుగు అక్షరాలు లేవు కాబట్టి తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టావు. అలా ఉన్నదాన్ని కళ్ళతో చదివితే నాకు అర్థం కాదు, పైకి చదువుకోవాలి. ఆ కొట్టులోనే, కూడబలుక్కుంటూ, పైకి చదివాను.

'ఏం చెప్పానో మర్చిపోతే ఆయన మళ్ళీ అడిగినప్పుడు తేడా వస్తుంది. అందుకే రాసిపెట్టుకుంటున్నాను.' అది మొదటి వరుస.

'చెప్పింది: బస్సు చెడిపోయింది. జరిగింది: పార్కులో బెంచీ మీద అరగంట కూర్చున్నాను. ఒక్కదాన్నే.'

'చెప్పింది: గొడుగు ఆఫీసులో మర్చిపోయాను. జరిగింది: వాన పడుతుంటే టైపిస్టుకి ఇచ్చాను. ఎందుకిచ్చావు, ఎప్పుడు తెస్తుంది అని వారం రోజులు అడుగుతారు.'

'చెప్పింది: తలనొప్పి. జరిగింది: తలనొప్పి లేదు. ఎవరితోనూ మాట్లాడాలనిపించలేదు.'

నూట పదిహేడున్నాయి. లెక్కపెట్టాను, ఏం చేయను. ఒక్కదాంట్లోనూ ఇంకో మగవాడు లేడు, దాచిన పాపం లేదు. అరగంటలు, గొడుగులు, తలనొప్పులు. చివరిది ఇంతకుముందుసారి నువ్వు కొండకి బయల్దేరిన రోజుది, సెలవుకి వచ్చాక కొట్టినట్టున్నావు. 'చెప్పింది: లారీ ఆరింటికి. జరిగింది: లారీ తొమ్మిదింటికి. మూడు గంటలు లారీల షెడ్డులో కూర్చున్నాను. రెండుసార్లు టీ తాగాను. ఎవరూ ఏమీ అడగలేదు. హాయిగా ఉంది.'

ఆ రోజు నీకోసం నాలుగింటికే లేచాను. నీ సంచీ కట్టాను, ఫ్లాస్కులో వేడినీళ్ళు పోశాను, సందు చివరిదాకా వచ్చాను. షెడ్డు దాకా వస్తానంటే చలిగా ఉంది వద్దన్నావు. నేను ఆ వారమంతా నువ్వు నామీద చూపించిన ఆ ఆపేక్షనే తలుచుకుని మురిసిపోయాను.

మెకానిక్కమ్మ సోల్డరింగు కడ్డీ ఆపేసి, మంచినీళ్ళు తాగుతారా అని అడిగింది. తాగాను. నా ముందే తన ఫోనులోంచి ఆ ఫైలు తీసేసింది. తీసేశానని నన్ను సరిచూసుకోమని ఫోను చేతికిచ్చింది. చూడకుండా తిరిగిచ్చేశాను.

ఇంటికొచ్చి అత్తయ్యగారిని అడిగాను, మీ అమ్మాయి చిన్నప్పుడు మీకు కూడా అబద్ధాలు చెప్పేదా అని. ఆవిడ మడతపెడుతున్న బట్ట పక్కన పెట్టారు.

"నేను దాన్ని ఏదీ రెండోసారి అడగలేదు నాయనా" అన్నారు.

నిజమే. నేను రెండోసారి అడుగుతాను. వారం ఆగి అదే ప్రశ్న తిరగేసి అడుగుతాను. స్టోర్సులో దొంగలెక్కలు అలాగే బయటపడతాయి. ఇంట్లో కూడా అదే పని చేస్తున్నానని నాకు ఇన్నేళ్ళూ తట్టలేదు.

మర్నాడు డిపోకి సెలవు పెట్టాను. నాకు తెలిసిన పని ఒకటే కాబట్టి అదే చేశాను. కాపీ ఉంది, అసలు లేదు. విచారణలో ముందు అడిగే ప్రశ్న అదే, ఈ అంకెలు ఈ మధ్య కొట్టినవి కావని రుజువేమిటని. పన్నెండేళ్ళ కిందట కొండ మీదినుంచి నువ్వు నాకు రాసిన ఉత్తరాలు కవర్లతో సహా నా దగ్గరున్నాయి. డెబ్భై ఒకటి. ప్రతిదాని మీదా తపాలా ముద్ర, తేదీ. రోజంతా ఏం పని చేశావో రాయమని ప్రతి ఉత్తరంలోనూ నేను ప్రాణం తీసేవాణ్ణి కదా, అందుకని వాటిలో నలభైమూడింట్లో ఏదో ఒక బీట కొలత రాశావు. ఆ నలభైమూడూ ఫైళ్ళతో పక్కపక్కన పెట్టి చూశాను.

నలభైరెండు అచ్చంగా సరిపోయాయి. ఒకటి సరిపోలేదు. ఉత్తరంలో మూడో బీట సున్నా పాయింటు తొమ్మిది, ఫైలులో ఎనిమిది. నిజం చెబుతున్నాను, తేడా దొరకగానే నా పాత బుద్ధి చెవులు నిక్కబొడుచుకుంది. తర్వాతి రోజు వరుస చూశాను. 'నిన్నటిది తొమ్మిది కాదు, ఎనిమిది. దీపం నీడలో తప్పు చదివాను, వెళ్ళి మళ్ళీ కొలిచాను.' ఎవరూ అడగలేదు, ఎవరూ చూడలేదు. ఒక వెంట్రుక వెడల్పు తప్పు కోసం మళ్ళీ ఆ సొరంగంలోకి దిగావు. అంకెల్లో నువ్వు ఒక్క అబద్ధం ఆడలేదు. ఆడినవన్నీ నాతోనే.

ఇక పంపుతున్న వాటి వివరం. పద్దెనిమిది నెలల కొలతల అచ్చు, రెండు ప్రతులు. చివరి నెలలో మూడో బీట ఒకటి పాయింటు ఒకటి. ఇప్పుడు నాలుగు దాటిందని రాశావు. ఇక ఆ ఇంజనీరు ఏమంటాడో అననీ. నలభైమూడు ఉత్తరాలు, కవర్లతో. మిగతావి మన ఇంటి మాటలు, వాటి మీద కాగితం అంటించి కొలతల వరుసలు మాత్రం కనబడేలా ఉంచాను. నా వాంగ్మూలం ఒకటి, అందులో మిషనులోని అసలు అంకెలు నా చేతిమీదుగానే, నా అనుమానం వల్లే పోయాయని, మెకానిక్కు వద్దన్నా బిళ్ళ బ్యాటరీ తీశానని ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టాను. కాపీ ఎలా చేసిందో చెబుతూ మెకానిక్కమ్మ కూడా సంతకం పెట్టింది, కావాలంటే విచారణకి వస్తానంది. ఇదే కట్టకి నకళ్ళు తీయించి ఇక్కడి విచారణ కార్యాలయంలో స్వయంగా ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. శుక్రవారం లారీ డ్రైవరు దగ్గర కూడా రశీదు తీసుకుంటాను. ఒక్క వారంలో నేను మారిపోయానంటే నువ్వే నమ్మవు.

విడిగా ఒక చిన్న కవరు ఉంటుంది. అందులో మెమరీ కార్డు. నీ పంతొమ్మిదో ఫైలు దాంట్లో ఉంది. అది నీది, విచారణకి సంబంధం లేదు. నా ఫోనులో ఇప్పుడు లేదు. మిషనుకి బ్యాటరీలన్నీ వేసి అలమరలో పెట్టాను, బిళ్ళతో సహా.

నీ అయిదో ప్రశ్న మిగిలింది. మనసులో పెట్టుకున్నది ఆ మూడు నెలల సంగతే. వాళ్ళు పొడిగించారో, నువ్వే అడిగి పొడిగించుకున్నావో నాకు తెలియదు. మీ హెడ్డాఫీసు నెంబరు నా దగ్గరుంది, ఒక్క ఫోనుతో తెలిసిపోతుంది. ఆదివారం నుంచి అది నా ముందే ఉంది. చేయలేదు. చేయను. నువ్వే అడిగి పొడిగించుకుని ఉంటే, ఆ మూడు నెలలూ హాయిగా ఉండు. నాకు బాధగానే ఉంటుంది, ఆ పాట్లు నేను పడతాను.

నువ్వు వచ్చాక ఇక దేనికీ నిన్ను ఆరా తీయనని ఇక్కడ మాట రాసిద్దామని కూర్చున్నాను. మూడుసార్లు రాసి మూడుసార్లు కొట్టేశాను. అబద్ధమవుతుంది. నా సంగతి నాకు తెలుసు, నువ్వు పది నిమిషాలు ఆలస్యమైతే గుమ్మంలోనే నిలబడి ఎక్కడున్నావని అడుగుతాను. నోరు ఊరుకోదు. కాబట్టి నేను మాటివ్వగలిగింది కాదు, నిన్ను అడగగలిగింది ఒకటి రాస్తున్నాను. నేను అడుగుతాను. నువ్వు జవాబు చెప్పకు. నిజమూ చెప్పకు, అబద్ధమూ చెప్పకు. చెప్పులు విడిచి, నన్ను పక్కకి జరగమని, నీ ఇంట్లోకి నువ్వు వచ్చెయ్యి.

ఇట్లు,
గుమ్మంలో అడ్డంగా నిలబడే
నీ ఇంటాయన